తిరుపతి నేపథ్యంగా బ్లాక్‌మెయిల్ ఎపిసోడ్ రాయడం ఎలా

గూఢచారి కథ అనగానే మనవాళ్లు ఢిల్లీలోనో దుబాయ్‌లోనో మొదలుపెడతారు. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు అంత దూరం పోవాల్సిన పనిలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక శ్రీహరికోట కూడా మన జిల్లాలోకే వచ్చింది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర వాతావరణ పరిశోధన రాడార్ ఉంది. రేణిగుంటలో విమానాశ్రయం, పెద్ద రైల్వే జంక్షన్ ఉన్నాయి. పైన శేషాచలం అడవి, అందులో ఎర్రచందనం. కారెక్కితే కాసేపటికే తమిళనాడు. వీటన్నిటికీ మించి, రోజూ వేలమంది కొత్తవాళ్లు వచ్చిపోయే ఊరు ఇది. ఎవరు, ఎక్కడినుంచి వచ్చారని బస్టాండులో ఎవరూ అడగరు. అదే ఊళ్లో పాత వీధుల్లో ఉండేవాళ్లకు మాత్రం ఒకరి తాతముత్తాతల సంగతి ఇంకొకరికి తెలుసు. వచ్చినవాడిని ఎవరూ గుర్తుపట్టరు, ఉన్నవాడు ఎక్కడా దాక్కోలేడు. బెదిరింపు కథకు ఇంతకన్నా మంచి నేల దొరకదు.

సుమారు 45 నిమిషాల ఎపిసోడ్ ఒకటి రాయాలనుకుంటున్నారని అనుకుందాం. బ్లాక్‌మెయిల్‌లో ఇరుక్కున్న ఒక మనిషి, ఇష్టం లేకుండానే చేయి కలపాల్సి వచ్చిన ఇంకో మనిషి. ఈ రెండింటి చుట్టూ కథను ఎలా అల్లాలో ఒక ఉదాహరణ పట్టుకుని అడుగడుగునా చూద్దాం. పాత్రలన్నీ కల్పితం. మీ కథకు మీ పాత్రలను మీరు తయారు చేసుకోండి.

మొదటి అడుగు: ఎవరికి తెలియకూడదో ముందు తేల్చుకోండి

చాలామంది రహస్యం ఏమిటన్న దగ్గర మొదలుపెట్టి, దాన్ని ఎంత పెద్దది చేస్తే కథ అంత బలంగా ఉంటుందనుకుంటారు. రహస్యానికి దానంతట దానికి బరువు ఉండదు. అది ఎవరి చెవిన పడితే మీ పాత్ర తట్టుకోలేదో ఆ ఒక్క మనిషి వల్లే బరువు వస్తుంది. కాగితం మీద మొదటి వాక్యంగా ఆ మనిషి పేరు రాయండి. పేరు రాయలేకపోతే కథ ఇంకా తయారు కాలేదని అర్థం.

చరిత్రలో దీనికి గట్టి ఉదాహరణ ఉంది. జాన్ వాసల్ అనే బ్రిటిష్ గుమాస్తా 1954లో మాస్కోలోని తమ రాయబార కార్యాలయంలో పనికి వెళ్లాడు. ఒక విందులో సోవియట్ గూఢచారులు అతన్ని మగవాళ్లతో ఉండగా ఫోటోలు తీశారు. అప్పట్లో బ్రిటన్‌లో స్వలింగ సంబంధం నేరం. ఆ ఫోటోలు చూపించి అతని చేత ఏళ్ల తరబడి నౌకాదళ పత్రాలు తెప్పించుకున్నారు. 1962లో దొరికిపోయాడు, 18 ఏళ్ల శిక్ష పడింది. 1967లో ఇంగ్లండ్‌లో ఆ చట్టం మారింది. ఫోటోలు అవే, మనిషి అతనే, చుట్టూ ఉన్న లోకం మారేసరికి వాటి పదును తగ్గిపోయింది. మీ కథలోనూ పాత్ర చుట్టూ ఉన్న లోకాన్ని ముందు కట్టండి.

మన ఉదాహరణ ఇది. సుగుణకు నలభై దాటాయి. రేణిగుంట పారిశ్రామికవాడలో రాకెట్లకు కేబుళ్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో స్టోర్స్ గుమాస్తా. భర్త అటవీశాఖలో పనిచేస్తూ డ్యూటీలో ఉండగా లారీ ప్రమాదంలో పోయాడు. కూతురు గాయత్రికి కారుణ్య నియామకం కింద అదే శాఖలో ఉద్యోగం వచ్చింది. నాన్న ఫోటో టేబుల్ మీద పెట్టుకుని పనిచేసే పిల్ల. అసలు సంగతి ఏమిటంటే, ఏ రాత్రి ఏ దారిన గస్తీ పోతుందో ఆ తండ్రి ఎర్రచందనం దొంగలకు ముందుగానే చెప్పేవాడు. ఆ డబ్బుతోనే గాయత్రి ఇంజనీరింగ్ ఫీజు కట్టారు. సుగుణకు తెలుసు, గాయత్రికి తెలియదు. చనిపోయిన భర్త ఫోన్‌లో మాట్లాడిన మాటల రికార్డింగు ఇప్పుడు ఎవడి చేతిలోనో ఉంది.

ఇక్కడ సుగుణ తన కోసం భయపడటం లేదు. జైలుకు పోతానన్న భయం ఒక మెట్టు, తన కూతురు ఆ ఫోటోను టేబుల్ మీద నుంచి తీసేస్తుందన్న భయం పది మెట్లు.

రెండో అడుగు: పెద్ద పదవి వద్దు, చిన్న తాళంచెవి చాలు

బెదిరింపులకు గురయ్యేది శాస్త్రవేత్త, కలెక్టర్, జనరల్ అయితేనే ఉత్కంఠ అని అనుకోకండి. వాసల్ గుమాస్తానే. గూఢచారికి కావాల్సింది గది తలుపు తెరవగల మనిషి. స్టోర్స్‌లో పనిచేసే సుగుణకు ఏ పెట్టె ఏ తేదీన ఏ లారీలో శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట వైపు వెళ్తుందో తెలుసు. ఆమె చేతిలో ఉన్నదల్లా గేట్‌పాస్ పుస్తకం. అదే చాలు.

కంపెనీని పూర్తిగా ఊహించి రాయండి. నిజంగా ఉన్న సంస్థ పేరు పెట్టి అందులో ద్రోహి ఉన్నాడని చూపించడం కథకు అక్కర్లేని పని, తప్పు కూడా. 1994లో ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను గూఢచర్యం ఆరోపణతో అరెస్టు చేశారు. 1996లో సీబీఐ ఆ ఆరోపణలు నిలబడవని తేల్చింది. 2018 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల పరిహారం ఇవ్వమంది. అబద్ధపు అనుమానం ఒక మనిషి జీవితంలో ఎన్నేళ్లు తినేసిందో చూడండి. గూఢచారి కథ రాసే ప్రతివాడూ ఈ కేసు చదివాకే కలం పట్టాలని నా అభిప్రాయం.

మూడో అడుగు: అడిగేవాడి మెట్లు కట్టండి

బ్లాక్‌మెయిల్ చేసేవాడు మొదటి రోజే పెద్ద కోరిక కోరితే పాత్ర తిరగబడుతుంది, లేదా పోలీసుల దగ్గరికి పోతుంది. చూసేవాళ్లకూ నమ్మకం కలగదు. మొదటి కోరిక కాదనడానికి సిగ్గుపడేంత చిన్నదిగా ఉండాలి.

సుగుణను మొదట అడిగేది రవాణా లారీల కంపెనీ పేరు. అది లారీ మీదే రాసి ఉంటుంది, రోడ్డున పోయే ఎవరైనా చదవొచ్చు. 'ఇంతేనా' అనుకుని చెప్పేస్తుంది. రెండో కోరిక గేట్‌పాస్ పుస్తకంలో ఒక పేజీ ఫోటో. మూడోది ఒక పెట్టెకు సీలు వేయకుండా ఒక్క రాత్రి పక్కన ఉంచడం.

మెట్ల మధ్య ఏం జరుగుతుందో జాగ్రత్తగా రాయండి, ఎపిసోడ్ ప్రాణమంతా అక్కడే ఉంది. రెండో కోరిక తీర్చిన క్షణం నుంచి భర్త రికార్డింగు అవసరమే లేదు. ఆమె పంపిన ఫోటోనే కొత్త ఉరి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉంది. అందులోని సెక్షన్ 3 కింద రక్షణ పనులకు సంబంధించిన గూఢచర్యానికి 14 ఏళ్ల దాకా, మిగతావాటికి 3 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. బెదిరించేవాడు ఈ మాట చెప్పేటప్పుడు గొంతు పెంచకూడదు. 'అమ్మా, మీరు పంపిన ఫోటో భద్రంగా పెట్టుకున్నా. మీరేం భయపడొద్దు' అంటే చాలు.

అప్పుడు చూసేవాళ్లకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పోలీసులకు ఎందుకు చెప్పదు? దీనికి మొదటి పది నిమిషాల్లోనే జవాబు చూపించాలి. సుగుణ ఒకసారి స్టేషన్ దాకా వెళ్లనివ్వండి. ఫిర్యాదు రాయడానికి కాగితం తీసుకుంటుంది. ఫిర్యాదుదారు పేరు, భర్త పేరు రాయాల్సిన చోట పెన్ను ఆగిపోతుంది. ఏ రాక్షసుడూ ఆమెను ఆపలేదు, భర్త పేరే ఆపింది. ఈ సీన్ ఒక్కటి సరిగ్గా పడితే ఆ ప్రశ్న మళ్లీ లేవదు.

ఇక్కడ కథ పక్కన పెట్టి ఒక మాట. నిజ జీవితంలో ఎవరైనా మిమ్మల్ని ఇలా బెదిరిస్తుంటే సుగుణలాగా ఆగకండి. బెదిరించి ఏదైనా రాబట్టుకోవడం భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 308 కింద నేరం, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆన్‌లైన్‌లో డబ్బు లాగుతున్నవాళ్ల మీద 1930 నంబరుకు ఫోన్ చేయొచ్చు. మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచుకోండి.

నాలుగో అడుగు: సాయం చేస్తే నష్టపోయేవాడినే తోడు తెండి

ఇష్టం లేని తోడు అంటే రోజూ పోట్లాడుకునే ఇద్దరిని ఒక బండి ఎక్కించడం అనుకుంటారు. పోట్లాట పైపైన ఉండేది. అడుగున ఉండాల్సింది వేరే: ఇద్దరికీ ఒకే శత్రువు, కానీ ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడిపోవాలి.

మునిరత్నం చిత్తూరు మనిషి. ఎర్రచందనం టాస్క్‌ఫోర్సులో కానిస్టేబుల్‌గా చేశాడు. ఒక రాత్రి అడవిలో వాళ్ల గస్తీ మీద రాళ్ల వాన కురిసింది. అతని కుడిచెయ్యి నలిగిపోయింది, వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. తమ దారి ఎవడో అమ్మేశాడని అతనికి తెలుసు, ఎవడన్నదే తెలియదు. ఉద్యోగం వదిలేసి చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సెక్యూరిటీగా చేస్తున్నాడు. ఆ రాత్రి సమాచారం కొన్నవాడి గొంతు ఫోన్‌లో ఒకసారి విన్నాడు, మరిచిపోలేదు. ఇప్పుడు సుగుణను బెదిరిస్తున్న గొంతు అదే.

సుగుణకు మునిరత్నం కావాలి, ఆ గొంతును గుర్తుపట్టగలవాడు అతనొక్కడే. మునిరత్నానికి సుగుణ కావాలి, ఆ మనిషి దగ్గరికి దారి ఆమె ఫోన్‌లోనే ఉంది. అయితే వాళ్లు ఆ మనిషిని పట్టుకున్న రోజు మొదట బయటపడేది ఆమె భర్త పేరే. కూతురి తర్వాత ఆ పేరు ఎవరికి తెలియకూడదో ఆ మనిషినే ఆమె బండిలో పక్కన కూర్చోబెట్టుకుంది.

మీ కథలోనూ ఇలాగే చూసుకోండి. సాయానికి వచ్చేవాడు రహస్యానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. దీనికి నేను ఒక పద్ధతి చెబుతాను. కాగితాన్ని మూడు గళ్లు చేయండి. సుగుణకు తెలిసింది ఒక గడిలో, మునిరత్నానికి తెలిసింది ఇంకో గడిలో, చూసేవాళ్లకు తెలిసింది మూడో గడిలో రాయండి. ప్రతి సీన్ తర్వాత మూడింటినీ సవరించుకుంటూ పోండి. భర్త సంగతి చూసేవాళ్లకు పన్నెండో నిమిషానికల్లా తెలిసిపోవాలి, మునిరత్నానికి ముప్పై దాటాక. మధ్యలో ఉన్న ఆ ఇరవై నిమిషాలు మునిరత్నం ఆమెకు టీ ఇప్పించినా సరే, చూసేవాళ్లకు టెన్షన్‌గా ఉంటుంది. ఆఖర్లో ఒక్కసారి బయటపెట్టి ఉలిక్కిపడేలా చేయడం తేలిక. కానీ ఆ ఉలికిపాటు అర నిమిషంలో చల్లారిపోతుంది.

ఐదో అడుగు: కాణిపాకం సీన్

ఎపిసోడ్ నడిమధ్యలో ఇద్దరి మధ్య నమ్మకాన్ని పరీక్షించే సీన్ ఒకటి ఉండాలి. వేరే దేశాల కథల్లో అయితే అబద్ధం పట్టే యంత్రం పెడతారు. మనకు కాణిపాకం ఉంది.

చిత్తూరుకు దగ్గర్లోనే బాహుదా నది ఒడ్డున స్వయంభూ వరసిద్ధి వినాయకుడు. కోనేట్లో మునిగి ఆయన ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని ఈ జిల్లాలో తరతరాల నమ్మకం. ఊళ్లో తగాదా వస్తే, రాజకీయాల్లో సవాలు వస్తే, 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా' అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ నది పేరు వెనక కథ కూడా మీకు పనికొస్తుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు అడగకుండా మామిడిపండు కోసుకు తిన్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. ఈ నదిలో మునిగాక చేతులు తిరిగి వచ్చాయట. మామిడి ఫ్యాక్టరీలో పనిచేసే, చెయ్యి పోయిన మునిరత్నం ఆ ఒడ్డున కూర్చుంటే ఆ కథ అతని నోట చెప్పించాల్సిన అవసరం కూడా లేదు. జిల్లావాళ్లకు తెలుసు. తెలియనివాళ్ల కోసం కెమెరా అతని చేతి మీద, నీళ్ల మీద ఒకసారి పోతే చాలు.

మునిరత్నానికి అనుమానం వస్తుంది. ఈమెకు ఏదో తెలుసు, చెప్పడం లేదు. ప్రమాణం చేయమంటాడు. సుగుణ ముందు రెండే దారులు కనిపిస్తాయి, అబద్ధం లేదా నిజం. రచయితగా మీరు మూడోది వెతకాలి. నేనైతే ఇలా రాస్తాను:

"మా దారి అమ్మినోడెవడో నీకు తెల్దని చెప్పు. ఈ దేవుడి ముందర చెప్పల్ల."

"తెలుసుకుని ఏం చేస్తారు సార్?"

"అడిగిందానికి చెప్పమ్మా."

"అమ్మినోడు బతికుంటే, మీ ముందర నిలబెడతా. స్వామి సాక్షి."

మునిరత్నం తల ఊపుతాడు. ఇద్దరూ తిరుపతికి బయల్దేరతారు. పూతలపట్టు దాటతారు. గాదంకి దగ్గరికొచ్చేసరికి అతను బండి పక్కకు తీసి ఆపుతాడు. ఇంజన్ ఆపడు.

"బతికుంటే అన్నావే."

ఆమె వెంటనే ఏమీ అనదు. ఈ చోట సంగీతం వద్దని స్క్రిప్టులోనే రాయండి. లారీలు పోతున్న చప్పుడు మాత్రం ఉండాలి. ఆమె అబద్ధం ఆడలేదు, అయినా అతనికి నిజం తెలిసిపోయింది. దేవుడి మీద భయం ఉన్న మనిషి మాట ఎలా వెతుక్కుంటుందో తెలిసినవాళ్లే ఇలాంటి సీన్ రాయగలరు. ఇది మన జిల్లా రచయితల చేతిలో ఉన్న బలం, దాన్ని వాడుకోండి.

ఆ తర్వాత అతను ఆమెను దింపేసి పోతాడని అందరూ అనుకుంటారు. పోనివ్వకండి. అతనికి ఆ గొంతు మనిషి ఇంకా కావాలి. ఆమె మొహం చూడకుండా బండి నడుపుతాడు. ఇష్టం లేని స్నేహం అసలు రంగు ఇప్పుడు తెలుస్తుంది: కారణాలన్నీ పోయినా పని మిగిలింది.

ఆరో అడుగు: ఊరి నియమాలతో కథ నడిపించండి

తిరుపతిని గోపురాల షాట్లకే పరిమితం చేస్తే ఆ ఊరు కథలో లేనట్టే. ఇక్కడి నియమాలు కథను మలుపు తిప్పాలి.

కొండకు పోయే దారులు రెండు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురెదురుగా బండ్లు రావు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు. పైగా కనీస ప్రయాణ సమయం లెక్క ఉంది, మరీ తొందరగా చేరితే వేగంగా నడిపారని పట్టుకుంటారు. ఛేజింగ్ సీన్ రాయాలనుకునేవాళ్లకు ఇది అడ్డంకిలా కనిపిస్తుంది. నాకైతే వరం. వెంటాడేవాడు, పారిపోయేవాడు ఇద్దరూ నిదానంగా, ఒకరి వెనక ఒకరు, మలుపు తర్వాత మలుపు పోతుంటే, లోపల గుండె పరుగెడుతుంటుంది.

అలిపిరిలో సంచులన్నీ తనిఖీ చేస్తారు. గుళ్లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, బయటే డిపాజిట్ చేయాలి. కాబట్టి ఫోన్ మీదే బతికే బ్లాక్‌మెయిల్ కథలో, క్యూలో నిలబడ్డ కొన్ని గంటలు సుగుణకు ఏ మెసేజీ రాదు. ఆ గంటల్లో ఆమె మొదటిసారి సొంతంగా ఆలోచిస్తుంది. ఇక కల్యాణకట్ట నుంచి గుండుతో బయటికొచ్చే మనుషులను చూడండి. వేరే ఊళ్లో గుండు చేయించుకున్నవాడిని వెంటనే గుర్తుపడతారు. ఇక్కడ గుండు వల్లే జనంలో కలిసిపోతాడు.

అన్నీ కొండ మీదే జరిపించకండి. తిరుమలలో షూటింగులకు కట్టుబాట్లు ఎక్కువ, డ్రోన్లు నిషేధం. అదీగాక భక్తులు దణ్ణం పెట్టుకునే చోట మన కథ హడావుడి తగ్గించుకోవడమే మర్యాద. కొండ మీద ఒకటి రెండు సీన్లు మాటల్లోనే జరిగినట్టు రాసి, మిగతావి గోవిందరాజస్వామి గుడి వీధులు, కపిలతీర్థం దారి, లీలామహల్ సర్కిల్, రేణిగుంట ప్లాట్‌ఫారాలకు దింపండి. చంద్రగిరి కోట కావాలంటే అది పురావస్తు శాఖ కట్టడం, షూటింగుకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఏడో అడుగు: బెదిరించేవాడు ఎవరు

వాడిని ఎక్కువ చూపించొద్దు. మర్యాదగా మాట్లాడాలి. వాడి పైన ఇంకొకడు ఉన్నాడని, వాడికీ ఒక గడువు ఉందని ఒక్క సీన్‌లో తెలియాలి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఎర్రచందనం మాట వచ్చిన వెంటనే తమిళం మాట్లాడే కూలీని విలన్‌గా చూపించడం అలవాటైపోయింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. గొడ్డలి పట్టినవాడికి దక్కేది కూలి, దుంగ మీద వచ్చే లాభం ఓడ ఎక్కించేవాడిది. అడవి సీన్‌లో కూలీ ఉంటే వాడికీ ఒక ఇల్లు, ఒక అప్పు ఉన్నాయని తెలిసేలా రాయండి. బెదిరించేవాడు ఆ కూలీని ఎన్నడూ కళ్లారా చూడనివాడై ఉండాలి.

ఎనిమిదో అడుగు: పతాక సన్నివేశం జాతరలో పెట్టండి

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. ఇది ఊరివాళ్ల పండగ, కొండకు వచ్చే యాత్రికుల్లో చాలామందికి తెలియదు. ఆడపిల్లలను చెరిచే పాలెగాడిని చంపడానికి గంగమ్మ అవతరించిందని, వాడు భయపడి దాక్కుంటే రోజుకో వేషం వేసి వెతికిందని, చివరికి దొర వేషంలో వచ్చి బయటికి రప్పించి చంపిందని కథ. అందుకే మొక్కుకున్నవాళ్లు ఒకరోజు నామంకొమ్ము పూసుకుని బైరాగి వేషం, ఇంకోరోజు కుంకుమతో బండ వేషం, తర్వాత బొగ్గుతో తోటి వేషం, గంధంతో దొర వేషం వేస్తారు. మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. బూతులు తిట్టడం కూడా మొక్కులో భాగమే.

దాక్కున్నవాడిని వేషం మార్చి పట్టుకునే కథ ఊరు ఊరంతా ఆడుతుంటే, గూఢచారి ఎపిసోడ్‌కు అంతకన్నా ఏం కావాలి? బెదిరించేవాడికి మునిరత్నం మొహం తెలుసు. దొర వేషం రోజు ఒళ్లంతా గంధం పూసుకుని, నలిగిన చెయ్యి కనపడకుండా వేపమండ పట్టుకుని మునిరత్నం జనంలో నిలబడతాడు. మూడో కోరిక గురించి మాట్లాడటానికి ఆ మనిషి సుగుణ దగ్గరికి వస్తాడు. మునిరత్నానికి వాడి మొహం తెలియదు, గొంతు వినాలి. చుట్టూ డప్పులు, తిట్లు. సుగుణ వాడిని గట్టిగా మాట్లాడేలా చేయాలి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషిని అరిపించడమే ఆమె పని.

ఎలా అరిపిస్తుంది? 'రికార్డింగు మా అమ్మాయికి పంపించుకో, నిన్న రాత్రే చెప్పేశా' అంటుంది. వాడి చేతిలో ఉన్నదంతా ఒక్క మాటతో పోయింది. అప్పుడు అరుస్తాడు. గంధం పూసుకున్న మనిషి తల తిప్పుతాడు.

కూతురికి చెప్పిన సీన్‌ను ముందే చూపించాలా, తర్వాత చూపించాలా అని అడుగుతారు. జాతరకు ముందే సగం చూపించండి. సుగుణ గాయత్రి గది తలుపు దగ్గరికి వెళ్తుంది, టేబుల్ మీద ఫోటో కనిపిస్తుంది, అక్కడ కట్ చేయండి. మిగతా సగం వాడు అరిచాక. అయితే 'నాకు ముందే తెలుసమ్మా' అని గాయత్రి చేత అనిపించొద్దు. ఆ మాటతో తల్లి పడ్డ బాధంతా దండగైపోతుంది. గాయత్రికి తెలియదు, ఇప్పుడే తెలిసింది, తట్టుకోలేకపోయింది. అలాగే రాయండి.

జాతర కథలో ఇంకో ముక్క ఉంది, దాన్ని వదలకండి. పాలెగాడిని చంపిన తర్వాత గంగమ్మ మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి వెళ్తుంది. మరుసటిరోజు మునిరత్నం సుగుణ ఇంటికి వస్తాడు. తన చెయ్యి పోవడానికి కారణమైనవాడి భార్య ఆమె. ఓదార్పు మాటలు రాయొద్దు. గేట్‌పాస్ ఫోటో సంగతి అతను అడగాలి, ఆమె చెప్పాలి. ఆమె చేసింది నేరమే, అది చెరిగిపోలేదు. ఇప్పుడు స్టేషన్‌కు ఎవరు పోవాలి అన్నది వచ్చే ఎపిసోడ్‌కు వదిలేయండి.

తొమ్మిదో అడుగు: నిమిషాల లెక్క

స్క్రీన్‌ప్లే పద్ధతిలో ఒక పేజీకి ఒక నిమిషం అనేది స్థూలమైన లెక్క. తెలుగులో డైలాగు ఎక్కువగా ఉన్న పేజీ వేగంగా పోతుంది, చర్య ఉన్న పేజీ నిదానిస్తుంది. గడియారం పెట్టుకుని చదివి చూసుకోవడమే నమ్మకమైన దారి. మొదటి మూడు నిమిషాల్లో మొదటి ఫోన్ కాల్ రావాలి. పదికి స్టేషన్ సీన్, పన్నెండుకు భర్త నిజం, పదిహేనుకు మునిరత్నం, ఇరవై ఐదు దగ్గర్లో కాణిపాకం, ముప్పై దాటాక గాదంకి రోడ్డు, ముప్పై ఏడు నుంచి జాతర. మిగిలిన మూడు నాలుగు నిమిషాలు ఆ ఇంటికి.

పదో అడుగు: మాట

చిత్తూరు యాసను అందరి నోటా ఒకేలా పెట్టొద్దు. మునిరత్నం 'ఉండాది', 'పోవల్ల', 'ఏందమ్మా' అంటాడు. గాయత్రి ఆఫీసులో పుస్తకాల తెలుగుకు దగ్గరగా మాట్లాడుతుంది, ఇంట్లో అమ్మతో యాస వచ్చేస్తుంది. సుగుణ మునిరత్నాన్ని మొదట్నుంచీ 'సార్' అంటుంది. 'అన్నా' అని ఒక్కసారి పిలవనివ్వండి, గాదంకి దగ్గర, అతను జవాబివ్వని చోట. ఆ తర్వాత ఆమె మళ్లీ 'సార్' అనే అంటుంది.

చివరి అడుగు: చదివి వినిపించండి

రాసింది పక్కన పెట్టి కొన్నిరోజులాగి, ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి గట్టిగా చదవండి. వాళ్లలో ఒకరైనా సినిమాలకు సంబంధం లేనివాళ్లు, వీలైతే సుగుణ వయసు ఆడమనిషి ఉండాలి. పొగడ్తలు అడగొద్దు. మూడు ప్రశ్నలు చాలు: ఎక్కడ ఫోన్ చూసుకోవాలనిపించింది? సుగుణ మీద ఎక్కడ కోపం వచ్చింది? మునిరత్నం బండి ఆపినప్పుడు అతనికి తెలిసిపోయిందని మీకెప్పుడు అర్థమైంది? మూడోదానికి 'అతను అడిగాక' అన్నారంటే ప్రమాణం మాట సరిగ్గా వినపడలేదన్నమాట. 'బతికుంటే' అన్న దగ్గరే వాళ్లు తల ఎత్తాలి. ఎత్తకపోతే కాణిపాకం సీన్‌లో ఆ మాటకు ముందున్న డైలాగులు రెండు తీసేసి మళ్లీ చదవండి.